ప్రధానోపాధ్యాయుల తీరును బట్టి ఉపాధ్యాయుల సృజన మారుతుందా?

ప్రశ్న — సైన్స్ ఉపాధ్యాయిని, శ్రీకాకుళం జిల్లా

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సైన్స్ బోధిస్తున్నాను. బదిలీ తర్వాత నన్ను వదలకుండా వెంటాడుతున్న ఒక ప్రశ్నను అనుభవజ్ఞుల ముందు పెట్టాలనుకుంటున్నాను.

ఇంతకుముందు పనిచేసిన పాఠశాలలో, ఆరో తరగతికి నూలు, వస్త్రాల పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు, పొందూరు నుంచి నూలు వడికే ఒక పెద్దావిడను తరగతికి పిలిపించాలని ఉందని మా ప్రధానోపాధ్యాయులతో అన్నాను. ఆమె రానూపోనూ ఖర్చులు ఎంతవుతాయి, మీకు ఎన్ని పీరియడ్లు కావాలి అని మాత్రమే ఆయన అడిగారు. సాయంత్రానికల్లా నా పీరియడు పక్కన లెక్కల పీరియడును జరిపి, రెండూ కలిపి ఇచ్చారు. ఆవిడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతుంటే పిల్లలు చుట్టూ మూగి, ఇంత సన్నని పళ్లు మన దువ్వెనకు ఎందుకు ఉండవని అడిగారు. ఒకమ్మాయి జడలోంచి తన దువ్వెన తీసి పత్తిని దువ్వి చూసింది. రెండు రకాల పోగులనూ భూతద్దం కింద పెట్టి పోల్చుకున్నారు. పాఠ్య ప్రణాళికలో నేను రాయని ప్రయోగం అది. ప్రధానోపాధ్యాయులు వెనుక బెంచీలో కూర్చుని చివరిదాకా చూసి, "ఏ పిల్లలు ఏమీ అడగలేదో గమనించారా?" అని ఒక్క మాట అడిగి వెళ్లారు.

ఇప్పుడున్న పాఠశాలలో ఏ వారం ఏ పేజీ వరకు రావాలో ముందే నిర్ణయమై ఉంటుంది. రెండు సెక్షన్లూ ఒకే రోజు ఒకే చోట ఉండాలి. నోటు పుస్తకాలు దిద్దిన గుర్తులు ఎన్ని ఉన్నాయో లెక్క చూస్తారు. పిల్లలను చెట్టు కిందకు తీసుకువెళితే, ఎవరైనా తనిఖీకి వస్తే ఏం సమాధానం చెప్పాలని వెంటనే కబురు వస్తుంది. మా ప్రధానోపాధ్యాయులు చెడ్డవారు కారని కూడా చెప్పాలి. ఆయన అందరికంటే ముందు బడికి వస్తారు, పదో తరగతి పిల్లల కోసం ఆదివారాలు కూడా వస్తారు. అయినా ఈ బడిలో అడుగుపెట్టాక నాకు కొత్త ఆలోచన రావడం తగ్గిపోయింది. నా ఒక్కదాని సంగతే అయితే నా లోపం అనుకుందును. వెనుకటి బడిలో తప్పెటగుళ్ల లయతో పద్యాలు నేర్పించిన తెలుగు మాస్టారు కూడా నాతోపాటే ఇక్కడికి వచ్చి, ఇప్పుడు గైడు చూసి ప్రశ్నలు రాయిస్తున్నారు.

మనిషి మారలేదు, జీతం మారలేదు, పాఠ్యపుస్తకం మారలేదు. పాఠశాల నాయకత్వంలో సరిగ్గా ఏది మారితే ఉపాధ్యాయుడి సృజన పెరుగుతుంది, ఏది మారితే అణగిపోతుంది? నా స్థాయిలో చేయదగినది ఏమైనా ఉందా?

సమాధానం 1 — విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, విజయనగరం

అమ్మా, మీ ప్రశ్న చదివాక నాకు పాత రోజులు గుర్తుకు వచ్చాయి. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవారికి తెలియకపోవచ్చు గాని, 1980ల్లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. మేమంతా ఏపీపెప్ అనేవాళ్లం. అందులో ఆరు సూత్రాలు ఉండేవి. ఉపాధ్యాయుడే స్వయంగా కృత్యాలను తయారుచేసుకోవాలి, పిల్లలు చేస్తూ, ప్రయోగాలు చేసి కనుక్కుంటూ నేర్చుకోవాలి, వ్యక్తిగతంగానూ జట్లుగానూ పని చేయించాలి, పిల్లల మధ్య తేడాలను పట్టించుకోవాలి, చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవాలి, పిల్లలు చేసినవాటిని ప్రదర్శించి తరగతి గదిని ఆసక్తికరంగా ఉంచాలి. ఆ తర్వాత 1990ల్లో డీపెప్ (జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం) వచ్చినప్పుడు రాష్ట్రంలో మొదటి విడతలోనే తీసుకున్న జిల్లాల్లో మన విజయనగరం ఒకటి. ఉపాధ్యాయుడికి బోధనోపకరణాల కోసం ఏడాదికి 500 రూపాయలు ఇచ్చేవారు.

ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. అందరికీ అదే శిక్షణ, అదే 500 రూపాయలు, అవే ఆరు సూత్రాలు. అయినా ఒక బడిలో గోడల నిండా పిల్లలు చేసిన పటాలు, చింతపిక్కలతో, పుల్లల కట్టలతో చేసిన లెక్కల సామాను కనిపించేవి. పక్క ఊరి బడికి వెళితే అదే సామాను బీరువాలో, తాళం కింద, అట్టపెట్టె విప్పకుండా ఉండేది. ఎందుకని అడిగితే వచ్చే సమాధానం ఒక్కటే: "స్టాక్ రిజిస్టరులో ఉంది మాస్టారూ, విరిగితే లెక్క ఎవరు చెబుతారు?"

నా ఉద్దేశంలో మీ ప్రశ్నకు సగం సమాధానం ఆ బీరువాలోనే ఉంది. గ్లోబు పిల్లల చేతికి ఇస్తే ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది. అది విరిగిన రోజున ప్రధానోపాధ్యాయుడు రిజిస్టరు తెప్పించి, వాడకంలో పాడైనదని రాసి, కింద తన సంతకం పెడితే, ఆ బడిలో ఉపాధ్యాయులందరికీ ఒక విషయం అర్థమవుతుంది. అదే ఆయన టీచరు చేత సంజాయిషీ రాయించుకుంటే, ఇంకో విషయం అర్థమవుతుంది. ఆ తర్వాత స్టాఫ్ మీటింగులో సృజనాత్మకంగా బోధించండని గంటసేపు చెప్పినా ఎవరూ నమ్మరు. ప్రయత్నం చేసేది ఉపాధ్యాయుడే అయినా, అది కుదరనప్పుడు వచ్చే మాట ఎవరి మీద పడుతుందన్నది ప్రధానోపాధ్యాయుడి చేతిలో ఉంది. మీ పాత హెచ్.ఎం. గారు తనిఖీకి వచ్చేవారి గురించి భయపడలేదని కాదు. ఆ భయాన్ని తన గదిలోనే ఉంచుకున్నారు, మీ తరగతి దాకా రానివ్వలేదు.

రెండోది సమయం. చాలామంది దీన్ని చిన్న విషయం అనుకుంటారు. నలభై, నలభై అయిదు నిమిషాల పీరియడులో హాజరు తీసుకుని, నిన్నటిది గుర్తుచేసి, సామాను పరిచేసరికి సగం అయిపోతుంది. రెండు పీరియడ్లు కలిపి ఇవ్వడం, సైన్స్ టీచరును వెంట వెంటనే సబ్‌స్టిట్యూషన్‌కు వేయకపోవడం, సాయంత్రం చివరి పీరియడు ఇద్దరు టీచర్లకు ఒకేసారి ఖాళీగా ఉండేలా టైమ్ టేబుల్ వేయడం, వీటికి డబ్బు అక్కరలేదు, పై అధికారి అనుమతీ అక్కరలేదు. ఉపాధ్యాయుల మీద హెచ్.ఎం.కు నమ్మకం ఎంత ఉందో తెలుసుకోవాలంటే నేను ఇప్పటికీ ఆ బడి టైమ్ టేబుల్ చూస్తాను.

మూడోది, తరగతికి వచ్చినప్పుడు అడిగే మొదటి ప్రశ్న. సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడిగితే టీచరు వేగం పెంచుతారు. ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడని అడిగితే టీచరు ఆలోచనలో పడతారు. ఏది అడిగితే బడి దానికి తగ్గట్టుగా తయారవుతుంది. మీ పాత హెచ్.ఎం. గారు అడిగిన ఆ ఒక్క ప్రశ్న ఎంత గొప్పదో దయచేసి గుర్తించండి. ఆయన మిమ్మల్ని పొగడలేదు, తప్పు పట్టలేదు, తర్వాతి పాఠానికి పని ఇచ్చి వెళ్లారు.

సమాధానం 2 — ఉపాధ్యాయ శిక్షణలో పనిచేస్తున్న అధ్యాపకురాలు, శ్రీకాకుళం

పై సమాధానంలో మాస్టారు గారు అనుభవంతో చెప్పినవాటికి పరిశోధనల నుంచి కూడా బలమైన ఆధారం ఉన్నది కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను.

పనిచేసే చోట సృజన గురించి దశాబ్దాలపాటు అధ్యయనం చేసిన తెరెసా అమాబిలే, దానికి మూడు అంశాలు కావాలని 1980ల్లోనే ప్రతిపాదించారు. చేసే పనిలో నైపుణ్యం మొదటిది, సమస్యను పలు వైపుల నుంచి చూసే ఆలోచనా విధానం రెండోది, ఆ పని మీద లోపలి నుంచి వచ్చే ఆసక్తి మూడోది. ఈ మూడింటికీ బయట పనిచేసే వాతావరణం ఉంటుంది. మొదటి రెండూ శిక్షణతో, అనుభవంతో నెమ్మదిగా వస్తాయి, నెమ్మదిగానే పోతాయి. మూడోది మాత్రం వాతావరణాన్ని బట్టి త్వరగా పెరుగుతుంది, త్వరగా తరుగుతుంది. కాబట్టి బదిలీ అయిన కొద్ది నెలలకే మీకూ, తెలుగు మాస్టారికీ ఈ మార్పు కనిపించడంలో ఆశ్చర్యం లేదు. మీ నైపుణ్యం ఎక్కడికీ పోలేదు. ఎవరో కాపలా కాస్తున్నారన్న భావన, ఎలా చేయాలో ఎంచుకునే వీలు లేకపోవడం, ప్రతి పనికీ మూల్యాంకనం ఉంటుందన్న ఎదురుచూపు సృజనను తగ్గిస్తాయని అమాబిలే ప్రయోగాల్లో తేలింది.

దీనికి తోడు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్‌లు చెప్పిన ఒక భేదం ప్రధానోపాధ్యాయులందరికీ తెలియవలసినది. ఒకే తనిఖీ, ఒకే పరిశీలన, రెండు రకాలుగా పనిచేయగలదు. తన పని ఎలా సాగుతోందో తెలుసుకోవడానికి ఉపయోగపడితే అది సమాచారం అవుతుంది, ఆసక్తి నిలుస్తుంది. తనను అదుపులో పెట్టడానికే అనిపిస్తే ఆసక్తి చస్తుంది. అందువల్ల పరిశీలనే వద్దనడం సరికాదు. వెనుక బెంచీలో కూర్చున్న హెచ్.ఎం. కూడా పరిశీలించారు, దిద్దిన గుర్తులు లెక్కపెట్టే హెచ్.ఎం. కూడా పరిశీలిస్తున్నారు.

ఏమీ జరగదులే అన్న ధీమాతో సందేహం అడగగలగడం, తప్పు జరిగితే బయటకు చెప్పగలగడం బృందాలు నేర్చుకోవడానికి కీలకమని ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1999లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. బడికి అన్వయిస్తే, "నా భిన్నాల పాఠం పిల్లలకు ఎక్కలేదు, మీరు ఎలా చెబుతారు?" అని ఒక టీచరు స్టాఫ్ రూములో అడగగలుగుతున్నారా లేదా అన్నది చూడాలి. అది అడగలేని చోట కొత్త పద్ధతి పుట్టదు. కొత్త పద్ధతి అంటేనే మొదటిసారి సరిగా కుదరనిది.

నాయకత్వం విషయంలో జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ 1978లోనూ, బెర్నార్డ్ బాస్ 1985లోనూ పరివర్తన నాయకత్వం, అంటే ఆజ్ఞలతో కాక పనిచేసేవారి ఆలోచననూ ఉత్సాహాన్నీ పెంచి నడిపించే నాయకత్వం, అన్న భావనను వివరించారు. దానిని పాఠశాలలకు అన్వయించినవారిలో కెనెత్ లీత్‌వుడ్ ముఖ్యులు. పిల్లల అభ్యసనంపై ప్రభావం చూపే పాఠశాల సంబంధిత అంశాలలో తరగతి బోధన తర్వాతి స్థానం నాయకత్వానిదేనని ఆయన బృందం తేల్చింది. ఆ ప్రభావం చాలావరకు ఉపాధ్యాయుల ద్వారానే పిల్లలకు చేరుతుంది. హెచ్.ఎం. ఆదివారాలు పదో తరగతికి వచ్చి చెప్పే పాఠం విలువైనదే, కానీ పది మంది ఉపాధ్యాయుల ఆలోచన మూతపడితే ఆ నష్టాన్ని ఒక్క మనిషి ఆదివారాలు పూడ్చలేవు.

సమాధానం 3 — ఎస్.జి.టి. (సెకండరీ గ్రేడ్ టీచర్, ప్రాథమిక పాఠశాల), మెళియాపుట్టి వైపు కొండ దిగువ గ్రామం

ఈ చర్చ ఉన్నత పాఠశాలల చుట్టూనే తిరుగుతోంది. మా వంటి బడుల్లో టీచరే హెడ్మాస్టరు, మధ్యాహ్న భోజనం లెక్క రాసేదీ ఆయనే, యాప్‌లో ఫొటోలు పెట్టేదీ ఆయనే. మాకు నాయకత్వం అంటే కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) హెచ్.ఎం., సి.ఆర్.పి. (క్లస్టర్ రిసోర్స్ పర్సన్), ఎం.ఈ.ఓ. (మండల విద్యాధికారి). వారు ఫోనులో ఏం అడుగుతారో అదే మా రోజు. ఉదయం తొమ్మిదిన్నరకు మొదటి ఫోను "ఫొటోలు అప్‌లోడ్ అయ్యాయా?" అని వస్తే, అప్పటిదాకా నల్లబల్ల మీద పిల్లలతో కలిసి కథ అల్లుతున్న టీచరు సిగ్నలు కోసం రోడ్డు మీదకు వెళ్లాలి. తిరిగి వచ్చేసరికి కథ ఉండదు, పిల్లలు తలో వైపు ఉంటారు.

మా పిల్లల్లో కొందరు ఇంట్లో సవర అనే గిరిజన భాష మాట్లాడతారు. ఈ సందర్భంలో మన ప్రాంతపు చరిత్ర ఒకటి చెప్పాలి. పర్లాకిమిడిలో రాజావారి పాఠశాల ఉపాధ్యాయుడైన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు సవరలకు వారి భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు తయారుచేసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఎవరూ ఆదేశించని పని అది. ఆ తర్వాత 1907లో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల్లోని తెలుగుకూ ఇంత తేడా ఎందుకు ఉన్నదని అడిగారు. ఒక తనిఖీ అధికారి హాజరు పట్టీ దగ్గర ఆగిపోకుండా బోధన గురించి నిజంగా తెలుసుకోవాలని అడిగిన ఆ ప్రశ్న, గిడుగు వారి వంటి ఉపాధ్యాయుడిని వ్యావహారిక భాష కోసం జీవితమంతా శ్రమించేలా చేసిన కారణాల్లో ఒకటి అయింది. గిడుగు వారిలో ఆ శక్తి ముందే ఉన్నది, నిజమే. కానీ పై నుంచి వచ్చినది ఆజ్ఞ కాకుండా ప్రశ్న కావడం వల్ల ఆ శక్తికి ఒక దారి దొరికింది.

మాకు అధికారుల నుంచి కావలసింది మెచ్చుకోలు పత్రాలు కాదు. వారానికి ఒక్క రోజైనా బడి వేళల్లో ఫోను రాకుండా ఉంటే చాలు. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప విద్యేతర పనులకు ఉపాధ్యాయులను వాడకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షను చెబుతూనే ఉంది.

సమాధానం 4 — ప్రైవేటు పాఠశాల అకడమిక్ కోఆర్డినేటర్, విజయనగరం జిల్లా

అందరి మాటల్లోనూ నిజం ఉంది గాని, నేను ఒక విషయంలో విభేదిస్తున్నాను. ఒకే రోజు ఒకే పాఠం అన్న నియమాన్ని మీరంతా శత్రువుగా చూస్తున్నారు. మా దగ్గరకు డిగ్రీ, బి.ఇడి. పూర్తిచేసి నేరుగా వచ్చే యువతీయువకులు ఎక్కువ. వారికి పూర్తి స్వేచ్ఛ ఇస్తే మొదటి ఏడాది వారూ, పిల్లలూ ఇద్దరూ నష్టపోతారు. ఉమ్మడి ప్రణాళిక వారికి చేతికర్ర. పై అధ్యాపకురాలు గారు చెప్పిన మూడు అంశాల్లో మొదటిది నైపుణ్యమే కదా? అది లేకుండా చేసే సందడిని సృజన అనలేము. రంగు కాగితాలతో అందమైన చార్టు చేసి, దాన్ని పిల్లల చేత చూచి రాయించే తరగతులను నేను చాలా చూశాను.

కాబట్టి నాయకుడు అందరికీ ఒకే కొలత పెట్టకూడదని మాత్రమే అంటాను. కొత్తవారికి దగ్గరగా నిలబడాలి, పని తెలిసినవారికి దూరం జరగాలి. ఎప్పుడు దూరం జరగాలో తెలియకపోవడమే చాలా యాజమాన్యాల సమస్య అని కూడా ఒప్పుకుంటాను. పదేళ్ల అనుభవమున్న లెక్కల టీచరుకు సైతం నిమిషాల వారీ షెడ్యూలు పంపే చోట మంచివారు ఎక్కువ కాలం ఉండరు.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

అందరికీ ధన్యవాదాలు. కోఆర్డినేటర్ గారు చెప్పినది ఆలోచించవలసిన మాట. మా బడిలో కొత్తగా వచ్చిన ఇద్దరు టీచర్లకు ఆ వారపు పట్టిక నిజంగానే సాయం చేస్తోంది. అయితే నాకు ఇప్పుడు కావలసింది ఆచరణకు దారి. మా హెచ్.ఎం. గారి భయం తనిఖీ గురించి, ఫలితాల గురించి. ఆ భయాన్ని కొట్టిపారేయకుండా, ఒక్క పాఠమైనా నా పద్ధతిలో చెప్పడానికి ఆయనను ఎలా ఒప్పించాలి? ముఖాముఖి వాదించడం నాకు ఇష్టం లేదు, అది మా స్టాఫ్ రూముకు మంచిది కాదు.

సమాధానం 1 రాసిన విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

వాదన అక్కరలేదమ్మా. భయపడే హెచ్.ఎం.కు ధైర్యం చెబితే సరిపోదు, తనిఖీకి వచ్చినవారికి చూపించడానికి చేతిలో కాగితం ఉండాలి. ఆ కాగితం మీరే తయారుచేసి ఇవ్వండి.

ఒక్క యూనిట్ ఎంచుకోండి, అది పదో తరగతిది కాకుండా చూసుకోండి. ఆరు లేక ఏడో తరగతి అయితే ఆయనకు ఒత్తిడి తక్కువ. పాఠ్య ప్రణాళికలోనే, కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్పాలని, పిల్లలను భయం లేకుండా ఉంచాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షను చెప్పిన మాటను పైన రాయండి. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, కళాకారుల వంటి స్థానిక వృత్తి నిపుణుల దగ్గర నేర్చుకునే ఏర్పాటు ఉండాలని సూచించింది. పొందూరు పెద్దావిడ ఆ సూచనలోకి చక్కగా వస్తుంది. పిల్లలు చెట్టు కింద ఉన్నారేమని ఎవరైనా అడిగితే, హెచ్.ఎం. గారు ఆ ప్రణాళిక చూపిస్తారు. అప్పుడు ఆయన మీ తరఫున నిలబడటానికి ఆయనకూ ఒక ఆధారం దొరుకుతుంది.

అనుమతి అడిగేటప్పుడు "నాకు స్వేచ్ఛ కావాలి" అనకండి. "రెండో సెక్షనుకు నేను మామూలుగానే చెబుతాను, మొదటి సెక్షనుకు ఇలా చెబుతాను, యూనిట్ అయ్యాక రెండింటికీ ఒకే స్లిప్ టెస్ట్ పెడదాం, పేపరు మీరే ఇవ్వండి" అనండి. పేపరు ఆయన చేతిలో ఉంటే ఆయనకు భయం తగ్గుతుంది. ఫలితం ఎలా వచ్చినా ఇద్దరూ కలిసి కూర్చుని జవాబు పత్రాలు చూడండి. మార్కులు కాదు, పిల్లలు రాసిన వాక్యాలు చూడమనండి. చూసి నేర్చిన పిల్లవాడు రాసే వాక్యానికీ, బట్టీ పట్టిన పిల్లవాడు రాసే వాక్యానికీ తేడా గుర్తుపట్టడం ఆదివారాలు బడికి వచ్చి చదువు చెప్పే మనిషికి కష్టం కాదు.

తెలుగు మాస్టారిని కూడా కలుపుకోండి. ఒక్కరు అడిగితే అది ఒకరి ఉత్సాహంగా కనబడుతుంది, ఇద్దరు కలిసి ప్రణాళిక ఇస్తే బడి కార్యక్రమం అవుతుంది. పాఠం జరిగే రోజున హెచ్.ఎం. గారిని వెనుక బెంచీకి పిలవండి. పిలవకుండా ఆయన కిటికీలోంచి చూస్తే మీకు తనిఖీ అనిపిస్తుంది, పిలిస్తే అతిథి అవుతారు. కాంప్లెక్స్ సమావేశంలో ఆ పాఠం గురించి చెప్పే అవకాశం వస్తే, దానికి అనుమతి ఇచ్చినది ఆయనేనని అందరి ముందు చెప్పండి. అది నిజమే కాబట్టి పొగడ్త కాదు, తర్వాత ఇంకో టీచరు వచ్చి ఇలాంటిదే అడిగినప్పుడు ఆయన సులువుగా సరేనంటారు.

మూడు నెలల్లో బడి మారిపోతుందని అనుకోకండి. ముందు ఆ నూలు పాఠం వరకు అడిగి చూడండి. టెస్ట్ అయ్యాక రెండు సెక్షన్ల జవాబులు ఎలా ఉన్నాయో ఇక్కడ రాయండి, కోఆర్డినేటర్ గారి సందేహం మీద అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.